ఎండను తోడే రంగులు
గ్యాసు గొట్టాల నడుమ బతికే కోనసీమకు రంగుల సౌరఘటాలు ఏమివ్వగలవు?

నగరం: కోనసీమలో నేల కింద గ్యాసు ఉంది, నేల మీద కొబ్బరి ఉంది, కొబ్బరాకుల పైన కావలసినంత ఎండ ఉంది. మొదటిదాని కోసం 1980 దశకం నుంచి బావులు తవ్వుతూనే ఉన్నారు, గొట్టాలు వేస్తూనే ఉన్నారు. రెండోదాన్ని నమ్ముకుని వేలాది కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్నాయి. మూడోదాన్ని మాత్రం ధాన్యం ఎండబోసుకోవడానికి, కొబ్బరి చిప్పలు ఆరబెట్టుకోవడానికి, బట్టలు ఆరేసుకోవడానికి తప్ప చాలాకాలం పెద్దగా వాడుకున్నది లేదు.

ఇటీవలి కాలంలో డాబాల మీద నల్లని సౌర పలకలు కనిపిస్తున్న మాట నిజమే. అవి సిలికాన్ పలకలు. వాటికి పక్కగా మరో దారి ఉంది. నేతగాడు నూలుకు పట్టించే రంగు వంటి రంగునే ఒక తెల్లని పూత మీద పట్టించి, దాని చేత ఎండను కరెంటుగా మార్పించడం ఆ దారి. మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో సాగుతున్న ఈ పనిలో మన తెలుగు నేల మీద చదువుకున్న శాస్త్రజ్ఞుల చేయి గణనీయంగా ఉండడం విశేషం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

నగరం మరువని తెల్లవారుజాము

ఈ విషయం మిగతా ఊళ్ళ కంటే నగరానికి దగ్గరిది. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలంలోని ఈ ఊళ్ళో గెయిల్ సంస్థ వారి గ్యాసు పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్ళు, దుకాణాలు, కొబ్బరి చెట్లు నిలువునా కాలిపోయాయి. అంతకు ముందు 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ బావిలో లేచిన మంట 65 రోజుల పాటు మండి, మార్చి నెల సగం గడిచాక గాని ఆరలేదు. ఆ రోజుల్లో రాత్రిళ్ళు కూడా ఆకాశం ఎర్రగా ఉండేదని కోనసీమలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, దేన్ని కాల్చితే వస్తోంది అన్న ప్రశ్న ఇటువంటి చోట పుస్తకాల్లోని ప్రశ్న కాదు. ఇంటి కింద నుంచి గొట్టం పోతున్నవాడికి అది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న. అయితే "గ్యాసు వద్దు, ఎండ చాలు" అని ఒక్క మాటతో తేల్చేయడం కూడా సరి కాదు. ఎండ ఎంత ఇస్తుందో, ఏ రంగు ఎంత తోడుతుందో లెక్క చూసుకోవాలి. ఆ లెక్కే ఇక్కడ చెప్పుకుందాం.

ఏతం, బోదె, బావి

ముందు పని జరిగే తీరు. ఏతం చూసిన రైతుకు ఇది చప్పున బోధపడుతుంది.

ఏతం బాన బావిలోని నీటిని పైకి ఎత్తుతుంది. ఎత్తినంత మాత్రాన చేను తడవదు. బాన గట్టు మీదికి రాగానే నీటిని బోదెలో ఒంపాలి. ఒంపడం ఆలస్యమైతే బాన మళ్ళీ కిందికి జారుతుంది, నీరు బావిలోకే పోతుంది, పడిన శ్రమంతా వృథా.

రంగులోని అణువు సరిగ్గా ఏతం వంటిదే. వెలుతురు దాని మీద పడగానే అందులోని ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకు లేస్తుంది. ఎత్తే బలం ఎండది, బాన రంగుది. లేచిన ఎలక్ట్రాన్ పైన ఎక్కువసేపు నిలవదు. సెకనులో వంద కోట్ల వంతు, పోనీ కొన్ని పదుల వంతులు. ఆ లోగా దాన్ని ఎవరూ అందుకోకపోతే కిందికి పడిపోతుంది. పడేటప్పుడు ఆ శక్తి వేడిగానో, చిన్న మెరుపుగానో పోతుంది. మామూలు రంగు గుడ్డలో జరిగేది అదే. ఎండలో ఆరేసిన చీర వేడెక్కుతుంది గాని కరెంటు ఇవ్వదు.

సౌరఘటంలో రంగు పక్కనే బోదె తవ్వి పెడతారు. ఆ బోదె పేరు టైటానియం డయాక్సైడ్. ఇది మనకు కొత్త వస్తువు కాదు. గోడకు వేసే తెల్ల పెయింటులో తెలుపు అదే, పళ్ళు తోముకునే పేస్టులో తెలుపు అదే. మన కోస్తాలో భీమునిపట్నం వైపు సముద్రపు ఒడ్డున ఉండే నల్లని ఇసుకలో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంది. టైటానియానికి మూలం అటువంటి ఖనిజమే. ఈ తెల్లని పొడిని అద్దం మీద పల్చగా పూసి, సుమారు 450 డిగ్రీల వేడిలో కాల్చి, రంగు నీళ్ళలో ముంచుతారు. రంగు అణువులు పొడి రేణువులను గట్టిగా పట్టుకుంటాయి. వెలుతురుకు ఎగిరిన ఎలక్ట్రాన్ ఇక కిందికి పడకుండా పక్కనున్న తెల్లని రేణువులోకి దూకేస్తుంది. అక్కడి నుంచి రేణువు తరువాత రేణువుగా నడిచి అద్దం దాకా, అద్దం నుంచి తీగలోకి, తీగ నుంచి బల్బులోకి పోతుంది.

ఇక్కడితో పని సగమే అయింది. ఎలక్ట్రాన్ పోయిన రంగు అణువు ఖాళీ బాన వంటిది. దాన్ని మళ్ళీ నింపాలి. అందుకు పూతను తడుపుతూ అయోడిన్ కలిసిన ద్రావకం ఉంటుంది. అది రంగుకు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి తాను అవతలి అద్దం వైపు పోతుంది. బల్బు వెలిగించి తిరిగి వచ్చిన ఎలక్ట్రాన్‌ను అక్కడ పుచ్చుకుంటుంది. చేను తడిపిన నీరు ఇంకి మళ్ళీ బావిలో చేరినట్టే. ఏదీ ఖర్చు కాలేదు. ఖర్చయినది ఎండ ఒక్కటే.

వెలుతురు ధాటికి ఎలక్ట్రాన్ ఒక పక్కకు, దాని ఖాళీ మరో పక్కకు విడిపోవడం. శాస్త్రజ్ఞులు దీనినే విద్యుదావేశాలు వేరుపడడం అంటారు. సౌరఘటం ఏదైనా సరే, ప్రాణం ఇందులోనే ఉంది. సిలికాన్ పలకలో వెలుతురును పట్టే పని, ఆవేశాలను విడదీసే పని రెండూ ఒకే పదార్థం చేయాలి. అందుకే సిలికాన్ చాలా శుద్ధంగా ఉండాలి. రంగు ఘటంలో పనులు పంచారు. పట్టేది ఒకరు, మోసేది మరొకరు, తిరిగి నింపేది ఇంకొకరు. అందువల్ల అంత శుద్ధి లేని పదార్థాలతో కూడా పని నడుస్తుంది.

క్షణానికి ముప్పై ఏళ్ళకు ఉన్న తేడా

ఒక అనుమానం రావచ్చు. బోదెలోకి దూకిన ఎలక్ట్రాన్ పక్కనే ఉన్న ఖాళీ బానలోకి తిరిగి ఎందుకు పడదు? పడవచ్చు. పడితే నష్టమే. కాని కాలం మన వైపు ఉంది.

ఎలక్ట్రాన్ రంగు నుంచి తెల్లని రేణువులోకి దూకడానికి పట్టే కాలం సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం, ఒక్కోసారి ఇంకా తక్కువ. అయోడిన్ వచ్చి రంగును నింపడానికి సెకనులో పది లక్షల వంతు. దూకిన ఎలక్ట్రాన్ వెనక్కి పడడానికి రమారమి సెకనులో వెయ్యో వంతు. ఇవన్నీ మనకు ఒకటే అనిపిస్తాయి. దూకడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, అదే లెక్కన నింపడానికి పదకొండు పన్నెండు రోజులు, వెనక్కి పడడానికి ముప్పై ఏళ్ళు పడుతుంది. ముప్పై ఏళ్ళ గడువున్న బాకీని పన్నెండో రోజున తీర్చేసినట్టన్నమాట. ఈ తేడాయే ఘటాన్ని నడిపిస్తున్నది.

ఫొటో స్టూడియో నుంచి ప్రయోగశాల దాకా

రంగుకు ఈ గుణం ఉందని మొదట తెలిసింది ఫొటోల వల్ల. పాత ఫొటో స్టూడియోలలో చీకటి గది ఉండేది, అందులో ఎర్ర బల్బు వెలిగేది. ఫొటో కాగితానికి పూసే వెండి లవణం నీలి వెలుతురుకు స్పందిస్తుంది గాని ఎరుపును చూడలేదు. అందుకే ఎర్ర బల్బు వెలిగినా కాగితం పాడయ్యేది కాదు. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆ లవణానికి కాస్త రంగు కలిపితే అంతకు ముందు చూడని వెలుతురును కూడా అది చూడగలదని కనుగొన్నాడు. వెలుతురును పట్టింది రంగు, పని చేసింది వెండి లవణం. 1887లో జేమ్స్ మోజర్ అదే కిటుకుతో వెలుతురు నుంచి విద్యుత్తు పుట్టడం చూపించాడు. 1970 ప్రాంతాల్లో హెల్ముట్ ట్రిబుట్ష్ ఆకుల్లోని పత్రహరితాన్నే జింకు ఆక్సైడు మీద పూసి పరీక్షించాడు.

అయినా కరెంటు నామమాత్రంగానే వచ్చేది. కారణం ఏమంటే నునుపైన పలక మీద ఒక్క వరుస రంగు అణువులే పడతాయి. ఒక్క వరుస పట్టే వెలుతురు నూటికి ఒక పాలు కూడా ఉండదు. మందంగా పూద్దామంటే పలకను తాకని అణువులు ఎలక్ట్రాన్‌ను అందించలేవు. బోదెకు దూరంగా ఎత్తిన బాన ఎవరికి పనికివస్తుంది?

ఈ చిక్కును 1991లో స్విట్జర్లాండులోని లోసాన్‌లో మైఖేల్ గ్రాట్సెల్, బ్రయన్ ఒ రీగన్ విప్పారు. నునుపు పలకకు బదులు అతి సన్నని టైటానియం డయాక్సైడ్ రేణువులతో స్పాంజి వంటి పూత చేశారు. పూత మందం వెంట్రుక కంటే ఎన్నో రెట్లు తక్కువ. కాని లోపలి సందులన్నీ కలుపుకుంటే దాని వైశాల్యం పైకి కనిపించే దానికి వందల రెట్లు. ప్రతి అణువూ బోదెను ఆనుకునే ఉంటుంది, వరుసలు మాత్రం వందల కొద్దీ. దెబ్బతో సామర్థ్యం 7 శాతం దాటింది. గ్రాట్సెల్‌కు 2010లో ఫిన్లాండు వారి మిలీనియం టెక్నాలజీ బహుమతి లభించింది.

ఉస్మానియా నుంచి లోసాన్‌కు

బోదె దొరికింది. ఇక మంచి బాన కావాలి. ఆ రంగును తయారు చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి, అక్కడే ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెప్పి, తరువాత గుజరాత్‌లోని భావనగర్ ఉప్పు పరిశోధన సంస్థలో పనిచేసిన ఆయన, 1987లో భారత ప్రభుత్వ ఉపకార వేతనం పొంది విదేశాలకు వెళ్ళారు. గ్రాట్సెల్ దగ్గర చేరి అక్కడే స్థిరపడ్డారు. 1993లో ఆయన పేరు మొదటగా వెలువడిన పరిశోధన పత్రంలోని రుథీనియం రంగు సామర్థ్యాన్ని 10 శాతానికి చేర్చింది. ఎన్‌3 అనే ఆ రంగు, దాని తరువాత వచ్చిన ఎన్‌719 ఇప్పటికీ ఈ రంగంలో కొత్త రంగులను సరిపోల్చి చూసుకునే గీటురాళ్ళు.

రుథీనియంతో వచ్చిన చిక్కు ఏమంటే అది అరుదైన లోహం, ఖరీదైనది. పైగా ఎన్‌3 వంటి రంగులు నీలి, పచ్చ వెలుతురును బాగా పడతాయి గాని ముదురు ఎరుపును దాదాపు వదిలేస్తాయి. ఎండలో ఆ భాగం తక్కువేమీ కాదు.

ఈ లోటు పూడ్చే పనిలో హైదరాబాదు తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ చేయి వేసింది. 1944లో మొదలైన ఈ సంస్థకు చెందిన ఎల్. గిరిబాబు, ఎం. చంద్రశేఖరం, ఎం. లక్ష్మీకాంతం తదితరులు లోసాన్ వారితో కలిసి 2007లో థాలోసయనిన్ జాతికి చెందిన ఒక కొత్త రంగును ప్రకటించారు. థాలోసయనిన్ అంటే కంగారుపడనక్కరలేదు. పత్రికల ముద్రణలో వాడే నీలి సిరాలో ఉండేది ఆ కుటుంబపు రంగే. హైదరాబాదు రంగులో మధ్యన జింకు కూర్చుంది. సామర్థ్యం 3 శాతం చిల్లరే అయినా, ఇతర రంగులు వదిలేసే ముదురు ఎరుపు వెలుతురును అది పట్టడం అప్పట్లో ఎన్నదగిన విషయం.

రంగు నిలవాలి

లోహం లేకుండా కర్బనం, ఉదజని, నత్రజని, గంధకం వంటి మామూలు మూలకాలతోనే రంగు చేయలేమా అన్న ప్రశ్న నుంచి కర్బన రంగులు వచ్చాయి. నేతగాళ్ళు వాడే రంగులు చాలామట్టుకు ఈ జాతివే.

వీటి నిర్మాణం చూడముచ్చటగా ఉంటుంది. ఒక చివర ఎలక్ట్రాన్‌ను ధారాళంగా ఇచ్చే గుంపు, మరో చివర పుచ్చుకునే గుంపు, నడుమ వంతెన. పుచ్చుకునే చివరన ఒక ఆమ్లపు కొక్కెం ఉంటుంది, అదే టైటానియం రేణువును పట్టుకుంటుంది. వెలుతురు తగలగానే ఎలక్ట్రాన్ ఇచ్చే చివర నుంచి వంతెన దాటి కొక్కెం వైపు జరుగుతుంది. అంటే ఆవేశాలు విడిపోవడం అణువు లోపలే మొదలవుతుంది. ఖాళీ మాత్రం రేణువుకు దూరంగా మిగులుతుంది కనుక ఎలక్ట్రాన్ వెనక్కి పడడం కష్టం. ఈ రంగులు వెలుతురును పట్టే శక్తి కూడా ఎక్కువే. జపాన్ వారి ఇండోలిన్ రంగు డి149 రుథీనియం రంగు కంటే నాలుగైదు రెట్లు గాఢంగా వెలుతురును పీలుస్తుంది. 2004లోనే దానితో 8 శాతం సాధించారు.

ఇక్కడ అమలాపురం పక్కనున్న బండారులంక నేతగాడు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: రంగు నిలుస్తుందా? ఎండలో వేసిన బట్ట వెలిసిపోవడం అందరూ చూసినదే. ఎండలోనే బతకవలసిన ఘటంలో రంగు ఎన్నాళ్ళుంటుంది?

ప్రశ్న న్యాయమైనది. సౌరఘటం ఇరవై ఏళ్ళు పనిచేయాలంటే ఒక్కొక్క రంగు అణువు పది కోట్ల సార్లు ఎలక్ట్రాన్‌ను ఇచ్చి పుచ్చుకోవాలని అంచనా. బట్ట మీది రంగుకు ఎలక్ట్రాన్ ఎగిరినప్పుడు పోయే దారి ఉండదు. ఆ ఎగిరిన స్థితిలో అది గాలిలోని ఆమ్లజనితోనో తేమతోనో కలబడి విరిగిపోతుంది. ఘటంలో ఎలక్ట్రాన్ రెప్పపాటు కంటే ఎన్నో రెట్లు ముందే జారుకుంటుంది, ఖాళీ వెంటనే నిండుతుంది. విరిగే వ్యవధి రంగుకు దొరకదు. అయినా కొక్కెం ఊడకుండా ఉండాలి, తేమ లోపలికి రాకూడదు.

కొక్కెం సంగతి మన అద్దకం వారికి కొత్త కాదు. పెడన కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, పటిక పట్టించి, ఆ తరువాతే రంగు వేస్తారు. రంగుకూ నూలుకూ మధ్య పటిక పట్టు. వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున పాలకొల్లులో 17వ శతాబ్దంలో డచ్చి వారు కొఠీ పెట్టింది ఈ తీరపు అద్దకం గుడ్డల కోసమే. నూలు మీద రంగు నిలపడం తెలిసిన ప్రాంతం ఇది. అద్దం మీద రంగు నిలపడం కూడా అదే విద్యకు కొనసాగింపు.

లెక్కలు ఏమంటున్నాయి?

2011లో పోర్ఫిరిన్ జాతి రంగుతో కోబాల్టు ద్రావకం వాడి 12.3 శాతం సాధించారు. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు అశ్వని ఎల్లాది. పోర్ఫిరిన్ అంటే పత్రహరితానికి, మన నెత్తుటిలోని ఎరుపుకు దగ్గరి చుట్టం. 2014లో 13 శాతం, 2015లో జపాన్‌లో 14.3 శాతం, 2022లో లోసాన్‌లో రెండు కర్బన రంగులను కలిపి 15.2 శాతం. డాబా మీది సిలికాన్ పలకలు 20 నుంచి 22 శాతం దాకా ఇస్తున్నాయి. కాబట్టి పూర్తి ఎండలో పోటీ పెడితే రంగు ఓడిపోతుంది.

మబ్బులోనూ, ఇంటిలోపలి దీపం వెలుతురులోనూ పరిస్థితి మారుతుంది. తక్కువ వెలుతురులో సిలికాన్ చతికిలబడుతుంది, రంగు ఘటం అంతగా తగ్గదు. 2022లో వాడిన ఆ జంట రంగులే ఇంటి దీపాల వెలుతురులో 28 నుంచి 30 శాతం వరకు ఇచ్చాయి.

ఇది విని కోనసీమవాసికి ఆశ పుట్టడం సహజం. ఇక్కడ ఇళ్ళన్నీ కొబ్బరి నీడలోనే ఉంటాయి. మట్ట నీడ ఒక్క మూల పడినా సిలికాన్ పలక రాబడి బాగా పడిపోతుంది. ఒకదానికొకటి గొలుసుగా కలిపిన ఘటాల్లో నీడ పడినది మిగతావాటిని కూడా ఆపుతుంది. మరి రంగు ఘటాలు పెట్టుకుంటే నీడలో కూడా కరెంటు వస్తుంది కదా?

వస్తుంది. కాని ఎంత? నడినెత్తిన ఎండలో చదరపు అడుగు మీద పడే శక్తి సుమారు 93 వాట్లు. అందులో సిలికాన్ 18 వాట్లకు పైగా, 10 శాతం రంగు ఘటం 9 వాట్లు ఇస్తాయి. బాగా దీపాలు వెలిగే గదిలో అదే చదరపు అడుగు మీద పడేది పావు వాటు చిల్లర. అందులో 30 శాతం పట్టినా వచ్చేది వాటులో పదో వంతు కంటే తక్కువ. మామూలు పంకాకు 70 వాట్లు కావాలి. నీడలో లేని శక్తిని ఏ రంగూ పుట్టించలేదు. ఉన్నదాన్ని మాత్రం బాగా తోడగలదు.

ఆ కొద్దిపాటి కరెంటుకు విలువ లేదనుకోకూడదు. గోడ గడియారం, రిమోటు, లెక్కల యంత్రం, ఉష్ణోగ్రత, తేమ కొలిచే చిన్న చిన్న సాధనాలు, గ్యాసు పొక్కితే పసిగట్టే కొన్ని తక్కువ ఖర్చు పరికరాలు అంతటితో నడుస్తాయి. బ్యాటరీ మార్చేవాడు లేక మూలపడే పరికరం ఊరికి ఎంత ఉపయోగమో అందరికీ తెలుసు. గొట్టాల పక్కన బతికే ఊళ్ళలో బ్యాటరీ అయిపోని కాపలా పరికరం ఉంటే అది చిన్న సంగతి కాదు.

ఉప్పు గాలి, తుపాను

రంగు ఘటాలకు ఇక్కడి వాతావరణంతో పేచీ ఉంది. లోపల ద్రావకం ఉంటుంది కనుక అంచులు గట్టిగా మూయాలి. వేసవి వేడికి ద్రావకం వ్యాకోచిస్తుంది, సందు దొరికితే కారిపోతుంది. అయోడిన్ కొన్ని లోహాలను తినేస్తుంది. తేమ, ఉప్పు గాలి ఉన్న చోట మూతే ప్రాణం. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన కోనసీమలో కప్పు మీద ఏది పెట్టినా గాలికి నిలుస్తుందా అని అడగడం అలవాటు. అందుకే ద్రావకానికి బదులు ఘన పదార్థాలు వాడే ప్రయత్నాలు ముమ్మరంగా సాగుతున్నాయి.

ఆ ప్రయత్నాలలోనే మరో కొత్త పిల్ల పుట్టింది. 2009లో జపాన్‌లో మియాసకా బృందం రంగు స్థానంలో పెరోవ్‌స్కైట్ అనే పదార్థం పెట్టి చూసింది. మొదట వచ్చింది 3.8 శాతమే. అదే పదార్థం తరువాతి కాలంలో ప్రయోగశాలల్లో 25 శాతం దాటి, తల్లిని మించిన పిల్ల అనిపించుకుంది. నజీరుద్దీన్ ఈ పనిలోనూ ముందు వరుసలో ఉన్నారు. అయితే ఇందులో సీసం ఉంది, తేమ దీనికి బొత్తిగా పడదు.

రంగు ఘటాలు ప్రయోగశాల దాటలేదని కాదు. లోసాన్‌లోనే స్విస్‌టెక్ సమావేశ మందిరానికి 300 చదరపు మీటర్ల మేర రంగు రంగుల సౌర అద్దాలు బిగించారు. అవి నీడనిస్తాయి, వెలుతురు రానిస్తాయి, కరెంటూ ఇస్తాయి. స్వీడన్ కంపెనీ ఒకటి ఇటువంటి ఘటాలతో చెవులకు పెట్టుకునే ఫోన్లు తయారు చేయించింది.

ఈరోజు ఏం చేయాలి?

ఇంటికి కరెంటు కావాలనుకునేవారు ఈరోజు రంగు ఘటాల కోసం ఎదురు చూడనక్కరలేదు. నీడ లేని డాబా ఉంటే సిలికాన్ పలకలే సరైనవి. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల వరకు వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు అంతకు మించితే 78 వేల రూపాయల రాయితీ నిర్ణయించారు. బిగించే ముందు చెట్ల నీడ ఏ వేళ ఎటు పడుతుందో ఒక రోజంతా గమనించుకోవాలి. బిగింపు చట్రాలు తుప్పు పట్టనివై ఉండాలి.

"గోడకు ఈ రంగు వేస్తే చాలు, ఇల్లంతా కరెంటే" అని ఎవరైనా వస్తే మాత్రం డబ్బు ఇవ్వకండి. అద్దం, పూత, రంగు, ద్రావకం, అవతలి అద్దం, గట్టి మూత ఇవన్నీ కుదిరితేనే ఘటం. డబ్బాలో కొని కుంచెతో పూసి ఇల్లు వెలిగించే రంగు ఈనాటికి బజారులో లేదు.

బడి పిల్లల చేతిలో

ఈ ఘటాన్ని ఉన్నత పాఠశాల పిల్లలు కూడా తయారు చేయవచ్చు. సిలికాన్ పలకతో ఆ పని కుదరదు. కరెంటు పారే పూత ఉన్న రెండు చిన్న అద్దం ముక్కలు, టైటానియం డయాక్సైడ్ ముద్ద, కాల్చడానికి వేడి పొయ్యి, అయోడిన్ ద్రావకం ఉంటే చాలు. ఒక అద్దానికి తెల్ల పూత వేసి కాల్చి మందార పూల రసంలోనో, నేరేడు పండ్ల రసంలోనో నానబెట్టాలి. రెండో అద్దానికి పెన్సిలు ముల్లు రుద్దాలి, లేదా దీపం మసి పట్టించాలి. రెండూ కలిపి నొక్కి మధ్యన ద్రావకం చుక్కలు వేసి ఎండలో పెడితే మీటరు ముల్లు కదులుతుంది. పొయ్యి పని, అయోడిన్ పని మాస్టారి చేతుల మీదుగానే జరగాలి.

నేరేడు, మందార రంగుకు ఈ గుణం ఎందుకుందంటే, వాటిలోని ఆంథోసయనిన్ అణువుకు టైటానియాన్ని పట్టుకునే రెండు చేతులు పక్కపక్కనే ఉంటాయి. ఐఐటీ రూర్కీ వారు నేరేడు రసంతో ఇటువంటి ఘటం చేసి 2017లో ప్రకటించారు. పండ్ల రసం సామర్థ్యం ఒక శాతం కూడా దాటదు, రంగు కూడా త్వరలోనే వెలిసిపోతుంది. అయినా పిల్లవాడికి ముల్లు కదలడం కనిపిస్తే చాలు. చేతిని అడ్డు పెడితే ముల్లు దిగుతుంది, తీస్తే లేస్తుంది. ఏ పంతులు చెప్పిన పాఠమూ అంత గట్టిగా నాటుకోదు.

నేరేడు చెట్టు, మందార మొక్క లేని ఊరు కోనసీమలో లేదు. కావలసినవి ఆ రెండు అద్దం ముక్కలు, తెల్లని ముద్ద, ఓపిక గల మాస్టారు. జిల్లా విద్యాశాఖ, చుట్టుపక్కల కళాశాలలు పూనుకుంటే నగరం, మామిడికుదురు, తాటిపాక, రాజోలు పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనల్లో వచ్చే ఏడాదే ఈ ఘటం కనిపించవచ్చు. ఉస్మానియాలో చదువుకున్నవాడు లోసాన్‌లో చేసిన పని ఇక్కడి పిల్లల చేతికి అందడానికి పెద్ద ఖర్చేమీ లేదు. గ్యాసు మంట ఎలా ఉంటుందో ఈ ఊళ్ళ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఎండలో ఏముందో కూడా వాళ్ళకు చూపించాలి.